జనరేటరు పైన, పంపు కింద

2012 అక్టోబరు 29 రాత్రి తొమ్మిది దాటాక, న్యూయార్క్‌లో మన్‌హట్టన్ దీవి దక్షిణ కొసన బ్యాటరీ అనే చోట సముద్రమట్టాన్ని కొలిచే పరికరం 14.06 అడుగులు చూపించింది. అంతకుముందు అక్కడి రికార్డు 10.02 అడుగులు. అది 1960లో డోనా హరికేన్ తెచ్చిన నీరు. యాభై రెండేళ్లు చెక్కుచెదరని ఆ రికార్డును శాండీ తుపాను నాలుగడుగుల తేడాతో దాటేసింది. తూర్పు 13వ వీధి చివర, నది ఒడ్డున ఉన్న కాన్ ఎడిసన్ కంపెనీ విద్యుత్ సబ్‌స్టేషన్ని 12.5 అడుగుల నీటిని తట్టుకునేలా కట్టారు. నీరు అడుగున్నర ఎక్కువ వచ్చింది. సబ్‌స్టేషన్లో పేలుడు జరిగింది, దక్షిణ మన్‌హట్టన్‌లో చాలా భాగం చీకటైపోయింది.

ఆ చీకట్లో బ్రాడ్ స్ట్రీట్ 75వ నంబరు భవనం ఒకటి. ఐటీటీ అనే టెలిఫోన్ కంపెనీ 1920ల చివర్లో కట్టుకున్న భవనమది. 2012 నాటికి అందులో డేటా సెంటర్లు వెలిశాయి. వాటిలో పీర్ 1 అనే సంస్థ నడిపే కేంద్రంలో స్క్వేర్‌స్పేస్, ఫాగ్ క్రీక్ లాంటి కంపెనీల సర్వర్లు ఉండేవి. కరెంటు పోగానే బ్యాటరీలు అందుకున్నాయి. వాటి వెనకే జనరేటరు లేచింది. అంతవరకూ అన్నీ అనుకున్నట్టే జరిగాయి. జనరేటరు పై అంతస్తులో ఉంది కాబట్టి వరదకు అందదు. కానీ దానికి కావలసిన డీజిల్ ట్యాంకూ, ఆ డీజిల్ని పైకి తోడే పంపూ సెల్లారులో ఉన్నాయి. సెల్లారు నీళ్లతో నిండిపోయింది. పంపు ఆగింది.

పైనున్న చిన్న ట్యాంకులో మిగిలిన డీజిల్ కొన్ని గంటలకే సరిపోతుంది. దాంతో పీర్ 1 సిబ్బందీ, వాళ్ల ఖాతాదారులైన కంపెనీల ఇంజినీర్లూ బకెట్లు పట్టుకున్నారు. ఐదు గ్యాలన్ల బకెట్ అంటే దాదాపు 19 లీటర్లు, డీజిల్‌తో నిండితే 16 కిలోల బరువు. లిఫ్టు లేదు, మెట్ల దగ్గర వెలుతురు లేదు. చేతులు మార్చుకుంటూ పదిహేడు అంతస్తులు మోశారు. ఒక పూటతో అయిపోయే పని కాదది. రాత్రీ పగలూ వంతులు వేసుకుని మోస్తూనే ఉన్నారు. స్క్వేర్‌స్పేస్ మీద నడిచే వెబ్‌సైట్లు అలా ఆగకుండా నిలిచాయి.

అక్కడికి కొన్ని కిలోమీటర్ల ఉత్తరాన బెల్‌వ్యూ ఆసుపత్రిలోనూ ఆ రాత్రి అదే కథ. జనరేటర్లు 13వ అంతస్తులో, ఇంధనం పంపులు సెల్లారులో. నేషనల్ గార్డ్ సైనికులూ ఆసుపత్రి సిబ్బందీ వరసగా నిలబడి చేతులతో డీజిల్ అందించుకున్నారు. చివరికి రోగులందరినీ వేరే ఆసుపత్రులకు తరలించక తప్పలేదు. పక్కనే ఉన్న ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రి ఆ రాత్రే ఖాళీ అయింది. అక్కడ దాదాపు 300 మంది రోగుల్ని కిందికి దింపారు. వాళ్లలో ఐసీయూలోని పసికందులు 20 మంది. నర్సులు మెట్లు దిగుతూనే ఆ పసికందుల్లో కొందరికి చేత్తో ఊపిరి అందించారు.

ఈ సంస్థలేవీ తుపాను సంగతి పట్టించుకోనివి కావు. జనరేటర్లు కొన్నాయి, వాటిని ఎత్తులో పెట్టాయి. డీజిల్ మండే సరుకు కాబట్టి దాన్ని ఎక్కువ మోతాదులో పై అంతస్తుల్లో నిలవ చేయడానికి నగర అగ్నిమాపక నిబంధనలు ఒప్పుకోవు. అందుకే ట్యాంకులు కిందికి పోయాయి. ట్యాంకు ఎక్కడుంటే పంపు అక్కడే. నిప్పు నుంచి కాపాడే నిర్ణయం నీటికి దారిచ్చింది. రెండు ప్రమాదాల్నీ పక్కపక్కన పెట్టి చూడకపోతే జరిగేది ఇదే.

కేటగిరీ చెప్పని సంగతి

అమెరికాలో హరికేన్ల బలాన్ని సాఫిర్–సింప్సన్ కొలమానంతో చెబుతారు. ఒకటో కేటగిరీ నుంచి ఐదో కేటగిరీ దాకా ఉండే ఆ కొలత చూసేది గాలి వేగాన్ని మాత్రమే. శాండీ న్యూజెర్సీలోని బ్రిగాంటిన్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 130 కిలోమీటర్లు. అది ఒకటో కేటగిరీకి సరిపోయే వేగం. పైగా అప్పటికే అది ఉష్ణమండల తుపాను లక్షణాలు కోల్పోయిందని వాతావరణ శాస్త్రవేత్తలు తేల్చారు. వేగం అంకెను మాత్రమే చూసి సర్దుకున్న వ్యాపారి దాన్ని చిన్న తుపానుగానే లెక్కగట్టి ఉంటాడు.

నీటి లెక్క వేరు. తుపాను కేంద్రంలో వాతావరణ పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గితే అక్కడి సముద్రమట్టం దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఇది కొద్దిపాటి భాగమే. ఎక్కువ భాగం గాలి చేసే పని. అది గంటల తరబడి నీటిని ఒకే దిక్కుకు నెడుతుంది. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ ఆ నీటికి పోయే దారి ఉండదు, పైకి లేస్తుంది. శాండీ గాలుల వ్యాసం దాదాపు 1600 కిలోమీటర్లు. అంత విశాలమైన గాలి నెట్టిన నీరు న్యూజెర్సీ, లాంగ్ ఐలాండ్ తీరాలు కలిసే మూలలోకి చేరింది. ఆ రోజు పౌర్ణమి, పైగా సముద్రం పోటు మీదున్న వేళ. గాలి తక్కువే అయినా ఉప్పెన చరిత్రలోకెక్కింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని పొట్టనపెట్టుకున్నది కూడా గాలి కాదు, దాని వెనక వచ్చిన ఉప్పెనే. బంగాళాఖాతం తీరం వెంబడి చాలాచోట్ల లోతు తక్కువ కావడంతో ఇక్కడ నీరు ఇంకా సులువుగా లేస్తుంది.

గాలిని తేలిగ్గా తీసుకోవాలని కాదు. గాలి వేగం రెట్టింపైతే గోడమీద అది వేసే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలికి నిలిచిన డిష్ యాంటెన్నా 180 కిలోమీటర్ల గాలిలో నాలుగు రెట్ల బలాన్ని ఎదుర్కోవాలి. గాలి మిద్దెమీది సామాన్లను పట్టుకుపోతుంది, నీరు సెల్లారులోని వాటిని ముంచుతుంది. కంప్యూటర్లు మధ్య అంతస్తులో పొడిగా ఉన్నా, వాటికి ప్రాణంపోసే కరెంటు కింది నుంచీ, చల్లదనం పై నుంచీ రావాలి. రెండు చివర్లూ తుపానుకు ఎదురుగానే ఉంటాయి.

ఉప్పునీటిది మరో గొడవ. మంచినీటికన్నా అది ఎన్నో రెట్లు బాగా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. కరెంటు ఉన్న రాగితీగ ఉప్పునీటిలో మునిగితే లోహం చకచకా తినుకుపోతుంది. నీరు ఆరిపోయాక కూడా మిగిలిన ఉప్పుపొర గాలిలోని తేమను పీల్చుకుంటూ తుప్పును కొనసాగిస్తుంది. బ్రాడ్ స్ట్రీట్‌లోనే ఉన్న వెరైజాన్ టెలిఫోన్ ఎక్స్చేంజీలో దశాబ్దాలనాటి రాగి కేబుళ్లుండేవి. వాటిలోకి తేమ చొరబడకుండా కంప్రెసర్లు పొడిగాలిని ఒత్తిడితో పంపుతుండేవి. కరెంటు పోయి కంప్రెసర్లు ఆగాక సెల్లారులోని నీరు కేబుళ్లలోకి దూరింది. గాజుపోగుల్లో కాంతిని పంపే ఫైబర్ కేబుళ్లకు ఆ బెడద అంతగా లేదు. గాజు తుప్పు పట్టదు, దానిలో కరెంటు పారదు. పాత రాగిని బాగుచేసే బదులు, దక్షిణ మన్‌హట్టన్లో ఫైబర్ వేసేయాలని వెరైజాన్ నిర్ణయించుకుంది.

కరెంటు పోయాక

కరెంటు పోయినప్పుడు డేటా సెంటర్‌ను కాపాడేది ఒక గొలుసు. మొదటి లంకె యూపీఎస్ బ్యాటరీలు. మామూలుగా వాటి బలం కొన్ని నిమిషాలే. ఇల్లంతా గంటలసేపు నడిపే ఇన్వర్టరు పని కాదు వాటిది. జనరేటరు లేచి నిలదొక్కుకునేదాకా వారధిగా ఉంటే చాలు. జనరేటరుకు పట్టేది కొన్ని సెకన్లే. ఆ తర్వాత భారమంతా డీజిల్ మీద పడుతుంది. చాలా చోట్ల ఒకటి నుంచి మూడు రోజులకు సరిపడా నిలవ ఉంచుకుంటారు. అది అయిపోయేలోపు ట్యాంకరు రావాలి.

ట్యాంకరు రావాలంటే రోడ్డు ఉండాలి, డిపోలో పంపులు నడవాలి, ఆ పంపులకు కరెంటు ఉండాలి. శాండీ తర్వాత పెట్రోలు బంకుల్లో నిలవ ఉన్నా తోడే దారిలేక చాలాచోట్ల మూసేశారు. నవంబరు 3 నుంచి న్యూజెర్సీలో, 9 నుంచి న్యూయార్క్ నగరంలో సరి–బేసి నంబర్ల పద్ధతిన పెట్రోలు పోశారు. డీజిల్ సరఫరాకు ఒప్పందం రాసుకున్న కంపెనీ ఒకే ట్యాంకరును నమ్ముకున్న ఇరవై మందిలో తానూ ఒకటని ఆ వారంలోనే తెలుసుకుంటుంది. ఆసుపత్రులకు ముందు, వ్యాపారాలకు తర్వాత అని అధికారులు చెబితే ఒప్పంద పత్రం పక్కకు పోతుంది.

మరో లంకె చల్లదనం. కంప్యూటరు తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. 5 కిలోవాట్లు లాగే ఒక్క సర్వర్ల ర్యాకు, కిలోవాటు హీటర్లు ఐదింటిని తలుపులు మూసిన గదిలో పెట్టినంత వేడి పుట్టిస్తుంది. సర్వర్లకు కరెంటు ఉండి ఏసీకి లేకపోతే నిమిషాల్లోనే గది కాగిపోతుంది. జనరేటరు సామర్థ్యాన్ని లెక్కగట్టేటప్పుడు కంప్యూటర్ల వాట్లు కలిపి ఏసీని మరిచిపోవడం చిన్న ఆఫీసుల్లో తరచూ కనిపించే పొరపాటు.

క్లౌడ్‌కు మారితే ఈ బాధలుండవనే నమ్మకం ఒకటుంది. శాండీకి నాలుగు నెలల ముందు, 2012 జూన్ 29 రాత్రి, వాషింగ్టన్ పరిసరాలను ఈదురుగాలులతో కూడిన ఉరుముల తుపాను చుట్టుముట్టింది. ఉత్తర వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్‌కు చెందిన ఒక కేంద్రంలో జనరేటర్లు లేచాయి కానీ స్థిరంగా కరెంటు ఇవ్వలేకపోయాయి. నెట్‌ఫ్లిక్స్, ఇన్‌స్టాగ్రామ్, పింటరెస్ట్ గంటల తరబడి చాలామందికి అందకుండా పోయాయి. క్లౌడ్ అన్నా అదీ ఎక్కడో ఒక ఊళ్లో, ఒక భవనంలోని సర్వర్లే. దానిమీదా గాలి వీస్తుంది.

దూరానికి పడే ఖరీదు

శాండీ రాత్రి వైట్‌హాల్ స్ట్రీట్‌లోని డేటాగ్రామ్ కేంద్రం సెల్లారు మునిగి, దానితోపాటు హఫింగ్టన్ పోస్ట్, గాకర్, బజ్‌ఫీడ్ సైట్లు ఆగిపోయాయి. అదే రాత్రి ప్రోగ్రామర్లంతా వాడే స్టాక్ ఓవర్‌ఫ్లో మాత్రం నడిచింది. దాని ప్రధాన సర్వర్లు కూడా బ్రాడ్ స్ట్రీట్‌లోనే ఉన్నా, ఖండానికి అవతలి అంచున ఒరెగాన్‌లో మరో జత సిద్ధంగా ఉంది. సైటును దానిమీదికి మళ్లించారు.

రెండో జతను ఎంత దూరంలో పెట్టాలి? ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డొస్తుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 100 కిలోమీటర్ల దూరానికి వెళ్లి తిరిగి రావడానికి ఒక మిల్లీసెకను. 4000 కిలోమీటర్లకు 40 మిల్లీసెకన్లు. బ్యాంకులో ఒక్క లావాదేవీ కూడా పోకూడదంటే, అది రెండుచోట్లా రాసుకున్నట్టు కబురొచ్చాకే పూర్తయినట్టు లెక్క. దూరం పెరిగితే ప్రతి లావాదేవీకీ ఆ ఆలస్యం తోడవుతుంది. అందుకే ఒక్క అక్షరం పోకూడదనుకునే సంస్థలు నకలును 100 కిలోమీటర్ల లోపునే ఉంచాలని చూస్తాయి. 1600 కిలోమీటర్ల తుపానుకు అదొక లెక్కా? రెండు కేంద్రాలూ ఒకే గాలి కింద ఉంటాయి. పెద్ద బ్యాంకులు అందుకే రెండు పద్ధతులనూ కలుపుతాయి. దగ్గర్లో తక్షణ నకలు, దూరంగా కొన్ని సెకన్లో నిమిషాలో వెనకబడి నడిచే మరో నకలు.

ఏ పద్ధతి తనకు సరిపోతుందో తేల్చుకోవడానికి వ్యాపారి రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎంతసేపు ఆగిపోయినా తట్టుకోగలను? ఎంతసేపటి లెక్కలు పోయినా మళ్లీ రాసుకోగలను? స్టాకు పుస్తకం ఒకరోజు వెనకబడినా కిరాణా హోల్‌సేల్ వ్యాపారి బిల్లుల కట్టలు చూసి సరిచేసుకుంటాడు. చెల్లింపులు నడిపే కంపెనీకి ఐదు నిమిషాలు పోయినా పెద్ద చిక్కే. మామూలు ఆఫీసుకు ఫొటోగ్రాఫర్ల లోకం నుంచి వచ్చిన 3-2-1 సూత్రం సరిపోతుంది. డేటాకు మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాల మీద, వాటిలో ఒకటి ఊరి బయట. సర్వరు పక్కనే టేబులు సొరుగులో పెట్టిన హార్డ్‌డిస్కు ఈ లెక్కలోకి రాదు.

ఊరి బయటి నకలు విలువ 2005 ఆగస్టు 29న తీరాన్ని తాకిన కత్రీనా హరికేన్ చూపించింది. న్యూ ఆర్లియన్స్ నగరంలో దాదాపు 80 శాతం నీట మునిగింది. డాక్టర్ల క్లినిక్కుల్లో అరల నిండా ఉన్న కాగితపు రికార్డులు బురదైపోయాయి. తలదాచుకున్న ఊళ్లో కొత్త డాక్టరు ముందు కూర్చున్న రోగులు తమ మందుల పేర్లను గుర్తు చేసుకుని చెప్పాల్సి వచ్చింది. మాజీ సైనికుల ఆసుపత్రుల వ్యవస్థ మాత్రం అప్పటికే రికార్డులను కంప్యూటరెక్కించింది. న్యూ ఆర్లియన్స్ కేంద్రంలోని డేటాను హ్యూస్టన్‌కు చేర్చి, కొద్దిరోజుల్లోనే దేశంలోని ఏ కేంద్రం నుంచైనా చూసుకునేలా చేశారు. మధుమేహానికో రక్తపోటుకో మందులు వాడుతూ ఊళ్లుపట్టి చెదిరిపోయిన వేలమంది మాజీ సైనికులకు తమ మందుల పేర్లను గుర్తు చేసుకుని చెప్పాల్సిన పని లేకపోయింది.

హ్యూస్టన్ నేర్చుకున్నది

హ్యూస్టన్‌కు అంతకు నాలుగేళ్ల ముందే చేదు అనుభవం ఉంది. 2001 జూన్‌లో వచ్చిన ఆలిసన్ హరికేన్ కూడా కాలేదు. అది ఉష్ణమండల తుపాను స్థాయిలోనే ఉండి, కదలకుండా కురిసింది. హ్యూస్టన్లో 22 మంది చనిపోయారు. పెద్ద ఆసుపత్రులూ పరిశోధనశాలలూ గుమిగూడిన టెక్సాస్ మెడికల్ సెంటర్లో సెల్లారులూ, భవనాల్ని కలిపే సొరంగ మార్గాలూ నిండిపోయాయి. కరెంటును మెయిను నుంచి జనరేటరుకు మార్చే స్విచ్చుల గదులు సెల్లారుల్లోనే ఉండటంతో జనరేటర్లున్నా ఫలితం లేకపోయింది. సెల్లారుల్లోని ప్రయోగశాలల్లో వేల జంతువులు చనిపోయాయి, ఏళ్ల తరబడి సాగిన పరిశోధనలు కొట్టుకుపోయాయి.

ఆ తర్వాత అక్కడ చేసిన మార్పులు ఏ ఒక్క యంత్రానికీ సంబంధించినవి కావు. సొరంగాలకు జలాంతర్గాముల్లో ఉండేలాంటి బరువైన తలుపులు బిగించారు. విద్యుత్ పరికరాలను పైకెత్తారు. ప్రాంగణంలోనే కరెంటునూ చల్లటి నీటినీ తయారుచేసే కేంద్రాన్ని విస్తరించి దానికి వరదరక్షణ కల్పించారు. 2017 ఆగస్టులో హార్వీ హరికేన్ టెక్సాస్‌లో ఒకచోట 1500 మిల్లీమీటర్లు దాటి వాన కురిపించింది. హ్యూస్టన్ వీధులు చెరువులైనా మెడికల్ సెంటర్లో చాలా ఆసుపత్రులు తెరిచే ఉన్నాయి. పదహారేళ్లు ఎక్కువ కాలమే. కానీ ఏ ఆఫీసైనా అక్కడి నుంచి వెంటనే నేర్చుకోగలిగింది ఒకటుంది: ఏ గదిలో ఏముందో, అది ఆగితే ఇంకేమి ఆగుతుందో రాసుకోవడం.

తుపాను మెనూ, నగదు విమానం

కంప్యూటర్లు బతికినంత మాత్రాన వ్యాపారం బతకదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాత్రీ పగలూ తెరిచుండే వాఫుల్ హౌస్ అనే హోటళ్ల గొలుసు ఇందుకు పేరుమోసిన పాఠం. కరెంటు లేకుండా గ్యాసు మాత్రమే ఉంటే ఏం వండాలో, నీళ్లు రాకపోతే ఏం అమ్మాలో వాళ్లు ముందే తేల్చి వేరువేరు మెనూలు అచ్చేసి ఉంచుతారు. తుపానుకు ముందే జనరేటర్లను దగ్గరి ఊళ్లకు తరలిస్తారు, స్థానిక సిబ్బంది ఇళ్లు దెబ్బతింటాయని తెలిసి బయటి ఊళ్ల నుంచి బృందాలను పంపుతారు. 2004లో చార్లీ హరికేన్ సమయంలో ఈ హోటళ్లు తెరిచి ఉన్నాయా లేదా అన్నదే నష్టానికి కొలమానంగా అధికారులకు కనబడింది. తర్వాత దేశ విపత్తు సహాయ సంస్థ ఫెమాకు అధిపతి అయిన క్రెయిగ్ ఫ్యూగేట్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పూర్తి మెనూ ఉంటే ఆకుపచ్చ, కొద్ది సరుకులే ఉంటే పసుపు, తలుపులు మూసుంటే ఎరుపు.

అదే 2004లో వాల్‌మార్ట్ మరో దారి పట్టింది. ఫ్లోరిడా వైపు ఫ్రాన్సెస్ హరికేన్ వస్తుండగా, కొద్దివారాల ముందు చార్లీ వచ్చినప్పుడు జనం ఏం కొన్నారో తన అమ్మకాల రికార్డుల్లో వెతికింది. టార్చిలైట్లు అందరూ ఊహించేవే. స్ట్రాబెర్రీ పాప్ టార్ట్స్ అమ్మకాలు ఏడు రెట్లు పెరిగాయని ఎవరూ అనుకోలేదు. పొయ్యి అక్కరలేదు, ఫ్రిజ్ అక్కరలేదు, పిల్లలు తింటారు. లారీలు వాటిని నింపుకుని బయల్దేరాయి.

2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ ప్యూర్టో రికోను తాకినప్పుడు దీవిలో కరెంటు మొత్తం పోయింది, మొబైల్ టవర్లలో 95 శాతం మూగబోయాయి. దుకాణంలో సరుకు ఉంది, కొనేవాడి కార్డులో డబ్బు ఉంది. రెంటినీ కలిపే నెట్‌వర్క్ లేదు. రోజులతరబడి దీవి నగదు మీద నడిచింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు విమానంలో నగదు పంపాల్సి వచ్చింది. అక్కడ సెలైన్ తయారుచేసే బాక్స్‌టర్ కంపెనీ కర్మాగారాలు ఆగడంతో అమెరికా అంతటా ఆసుపత్రుల్లో సెలైన్ సంచులకు కొరత ఏర్పడింది. ఒకే దీవిలో తయారయ్యే సరుకును నమ్ముకున్న ఆసుపత్రుల మీద వేల కిలోమీటర్ల దూరంలో కూడా ఆ తుపాను ప్రభావం పడింది.

విశాఖ తీరాన

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలులతో నేరుగా విశాఖపట్నం మీదుగా తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు దెబ్బతిని కొన్ని రోజులు విమానాలు ఆగాయి. వేల కరెంటు స్తంభాలు నేలకూలాయి. ఫోన్లు మోగలేదు, ఏటీఎంలు తెరుచుకోలేదు, బంకుల దగ్గర క్యూలు కట్టారు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కరెంటు తీగలను భూమిలోకి దింపే పని చేపట్టారు. గాలి నుంచి అది కాపాడుతుంది. నీరు నిలిచే పల్లపు చోట్ల మాత్రం కేబుల్ జాయింట్లనూ, వీధి పక్కన పెట్టే పెట్టెలనూ ఎంత ఎత్తులో ఉంచారన్నది చూసుకోవాలి.

ఇప్పుడు ఆ నగరానికి ఈ విషయం మరింత దగ్గరైంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే కేంద్రం కూడా అందులో భాగం. సరిగ్గా రెండు వారాలకు, 28 అర్ధరాత్రి వేళ, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంత పెద్ద సంస్థలు తమ భవనాల సంగతి చూసుకోగలవు. వాటి చుట్టూ పుట్టుకొచ్చే చిన్న ఆఫీసులు, బిల్లింగ్ కేంద్రాలు, క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు అపార్ట్‌మెంట్ల సెల్లారుల్లోనూ మొదటి అంతస్తుల్లోనూ నడుస్తాయి. కాంప్లెక్సు జనరేటరు, దాని మార్పిడి స్విచ్చు, ఇంటర్నెట్ ఫైబర్ లోపలికొచ్చే పెట్టె చాలా భవనాల్లో వాహనాలు నిలిపే చోటే, గోడకు నడుమెత్తున ఉంటాయి.

గంటలు వెనక్కి లెక్కపెట్టి

అమెరికా అట్లాంటిక్ తీరంలో హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. అక్కడ ముందస్తు హెచ్చరిక 48 గంటల ముందు, గట్టి హెచ్చరిక 36 గంటల ముందు ఇస్తారు. ఆ గంటల్ని తుపాను కేంద్రం తీరం దాటే సమయం నుంచి లెక్కించరు. గంటకు 63 కిలోమీటర్ల గాలులు మొదలయ్యే సమయం నుంచి లెక్కిస్తారు. అంతటి గాలిలో మిద్దెమీదికెక్కి ఏదీ కట్టలేరు, డీజిల్ తేలేరు. భారత వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి కబురు, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక పంపుతుంది. ఈ మెట్లనే ఆఫీసు పనులకు గడువులుగా మార్చుకోవచ్చు.

72 గంటల మెట్టులో తేల్చాల్సింది మనుషుల సంగతి. ఎవరి ఇల్లు పల్లంలో ఉంది, ఎవరు వేరే ఊరు నుంచి పనిచేయగలరు, సర్వర్లను ఆపేయమనే నిర్ణయం ఎవరిది, ఆ మనిషి ఫోన్ అందకపోతే ఎవరిది. ఫోన్ నంబర్లూ, బీమా పాలసీ నంబరూ, ఇంటర్నెట్ కంపెనీ ఫిర్యాదు నంబరూ కాగితం మీద అచ్చేసి ఇంటికి తీసుకెళ్లాలి. 48 గంటల మెట్టులో పూర్తి బ్యాకప్ తీసి, దానిలోంచి కొన్ని ఫైళ్లను వేరే కంప్యూటరు మీద తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. 24 గంటల మెట్టులో నేలమీద ఉన్న సీపీయూలు, యూపీఎస్‌లు బల్లలమీదికి చేరాలి, కిటికీల పక్కనున్నవి లోపలికి జరగాలి, అక్కరలేని యంత్రాలను పద్ధతిగా ఆపేసి ప్లగ్గులు లాగేయాలి. కరెంటు హఠాత్తుగా పోవడమే కాదు, అది వచ్చేటప్పటి హెచ్చుతగ్గులు కూడా హార్డ్‌డిస్కులనూ పవర్ సప్లైలనూ చెడగొడతాయి. తుపాను వెళ్లాక తడిసిన యంత్రానికి ఆరిందనుకుని స్విచ్ వేయకూడదు. ఉప్పు తగిలినదైతే నిపుణుడు శుభ్రం చేసేదాకా దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. బీమా కోసం ఫొటోలు తీసేది కూడా దాన్ని కదిలించకముందే.

ఈ జాబితా అంతా తుపాను కంటబడ్డాక చేసేది. అంతకుముందు చేయాల్సిన పనిని నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు వింతగా చేశారు. పట్టపగలు, తమ సొంత సర్వర్లలో ఏదో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఆపేసే ప్రోగ్రామును రాసి దానికి కేయాస్ మంకీ అని పేరు పెట్టారు. సేవ ఆగకుండా నడిస్తే సరే, ఆగితే ఎక్కడ ఆగిందో ఇంజినీర్లంతా ఆఫీసులో ఉన్నప్పుడే తెలుస్తుంది. 2012లో దాన్ని అందరూ వాడుకునేలా విడుదల చేశారు.

చిన్న ఆఫీసుకు ప్రోగ్రాము అక్కరలేదు, మెయిన్ స్విచ్చు చాలు. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా ఏప్రిల్–జూన్ మధ్య ఒకసారి, అక్టోబరు–డిసెంబరు మధ్య మరోసారి వస్తాయి. మార్చిలో ఒక ఆదివారం, సెప్టెంబరులో మరో ఆదివారం మెయిన్ ఆపేసి, ఏసీలతో సహా మొత్తం భారాన్ని జనరేటరు మీదేసి నాలుగైదు గంటలు నడిపి చూడాలి. రౌటరు ప్లగ్గు జనరేటరు లైనులో లేదని తేలవచ్చు. ఏళ్లుగా మార్చని బ్యాటరీ మూడు నిమిషాలకే చేతులెత్తేయవచ్చు. ట్యాంకు అడుగున నీరు చేరి ఫిల్టరు మూసుకుపోవచ్చు. తాళంచెవి ఆదివారం సెలవులో ఉన్న వాచ్‌మన్ దగ్గర ఉండిపోవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ బాగు చేయించడానికి పెద్ద ఖర్చు కాదు, సెప్టెంబరులో మెకానిక్కూ ఖాళీగా దొరుకుతాడు.